నాలుగు గంటల తర్వాత తెరిచి ఉన్న గది

1989వ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ ఉదయం మన బస్ స్టేషన్‌లో అనౌన్సర్‌గా చేరిన ఆవిడ, తొలి ప్రకటననే గొంతు వణక్కుండా చదివి, బెంచీల మీద కునుకు తీస్తున్న డ్రైవర్లను ఉలిక్కిపడి లేచేలా చేశారు. ఆనాటి నుంచి ఆవిడ అందరికీ మైకక్కే. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మైకక్కగారిని అభినందించడమంటే, ఆ గొంతు ఎవరి పక్షాన పలికిందో సగౌరవంగా స్మరించుకోవడమే.

కొన్నేళ్లకు, ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన సామాన్ల గది బాధ్యత కూడా ఆవిడకే అప్పగించారు. దొరికిన ప్రతి వస్తువుకూ అట్టచీటీ కట్టాలి. సొంతదారు వచ్చేదాకా దాన్ని గడప దాటనివ్వకూడదు. గొడుగుల విషయంలో ఆవిడ నిష్ఠగా పాటించిన ఈ నియమం, తర్వాత గొడుగులకంటే విలువైనవారికి అక్కరకు వచ్చింది.

మన డిపోలోకి మహిళా కండక్టర్లు వచ్చిన కాలమది. బడి నాలుగింటికి వదులుతుంది. డ్యూటీ చీకటి పడ్డాక గానీ ముగియదు. ఒక కండక్టరమ్మ తన కూతుర్ని సాయంత్రమంతా బస్సు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పుతూ తనిఖీలో దొరికిపోయారు.

“ఇక మానేస్తానక్కా. పిల్లని చూసే చోటు ఊరు మొత్తం మీద ఒక్కటే ఉంది. అదీ నిండిపోయిందట,” అని ఆ తల్లి కళ్లు తుడుచుకున్నారు.

“మానేసి పొయ్యి మీద ఏం పెడతావే, నీ టికెట్ మిషనా? రేపు బడి వదలగానే నా గదికి పంపు.”

ఆ పాప వెంట డ్రైవర్ల పిల్లలు, స్వీపరమ్మ కవలలు, ఎదుటి ఆసుపత్రి నర్సుగారబ్బాయి వచ్చారు. భార్యను పోగొట్టుకున్న అకౌంట్స్ గుమాస్తా కూతురూ వచ్చింది. ఉదయం తండ్రి వంకరటింకరగా వేసిన జడను మైకక్కగారు రోజూ విప్పి, చక్కగా అల్లి పంపేవారు. ఆ సంగతి ఆయన ఎదుట ఒక్కనాడూ ఎత్తలేదు. ఆ గుమాస్తాయే నేడు ఈ వ్యాసం రాస్తున్నాడు.

అప్పటి మేనేజర్‌గారికి ఈ ఏర్పాటు బొత్తిగా రుచించలేదు. ఒక సాయంత్రం ఆయన వచ్చేసరికి, గొడుగుల పక్కన వరసగా కూర్చుని లెక్కలు చేసుకుంటున్న పిల్లల చొక్కా గుండీలకు అట్టచీటీలు వేలాడుతున్నాయి.

“ఏంటమ్మా ఇది? సామాన్ల గదా, సంతా?”

“సామాన్ల గదే సార్. సొంతదార్లు డ్యూటీలో ఉన్నారు. వాళ్లొచ్చేదాకా గడప దాటించకూడదు. రూలు మీదే.”

“తాతగారూ, మీకూ ఒకటి కట్టమంటారా?” అని కవలల్లో ఒకడు చీటీ పట్టుకుని లేచాడు.

మర్నాడు గదికి తాళం పడింది. నాలుగయ్యేసరికి మైకు పలికింది: “ప్రయాణికులకు విజ్ఞప్తి. రెండో ప్లాట్‌ఫారం బస్సు ఆలస్యంగా బయలుదేరుతుంది. కండక్టర్‌గారు కూతుర్ని తెచ్చుకోవడానికి బడికి వెళ్లారు. పాపను ఉంచే గదికి మేనేజర్‌గారు తాళం వేశారు. మీకు కలిగిన అసౌకర్యానికి ఆయన చింతిస్తున్నారు.”

ఆ వెంటనే మూడో ప్లాట్‌ఫారం. తర్వాత అయిదోది.

ప్రయాణికులు మేనేజర్‌గారి గది ముందు గుమిగూడారు. చేతిసంచీతో ముందుకు తోసుకొచ్చిన ఓ పెద్దావిడ నిలదీశారు: “ఏమయ్యా, మరిచిపోయిన గొడుగుకున్న పాటి నీడ పిల్లకు లేదా?”

చీకటి పడకముందే తాళం తీశారు. మైకక్కగారికి మాత్రం మెమో వచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, గాలికి కొట్టుకుంటున్న ఆ గది కిటికీ రెక్క కింద ఇరికించారు. నేటికీ అక్కడే ఉంది. ఆ కిటికీ మళ్లీ చప్పుడు చేయలేదు.

ఆవిడ ఆ తలుపు తెరిచి ఉంచినందువల్ల మన కండక్టరమ్మల్లో ఒక్కరూ పిల్లల కోసం ఉద్యోగం వదులుకోలేదు. అయినా ఊళ్లో అలాంటి చోటు మరొకటి లేవలేదు. మన గదికి రాతపూర్వకమైన అనుమతీ రాలేదు. ఆవిడ వెళ్లగానే దాన్ని పార్సిల్ కౌంటర్ చేస్తారన్న మాట వినవస్తున్నది. పోయిన వారం తాళంచెవి అప్పగించమన్న అధికారికి ఆవిడ నెమ్మదిగానే జవాబిచ్చారు: “తీసుకోండి బాబూ. రిటైరయ్యేది నేను, నాలుగింటి బడిగంట కాదు. వచ్చే నెల తొలి సోమవారం ఆ గుమ్మం ముందు బెంచీ మీదుంటాను. బెంచీ ప్రయాణికులది, లేవమనడానికి మీకు రూలు లేదు.”

ఆ బెంచీ మీద ఆవిడ పక్కన చోటు చాలకపోతే నిలబడడానికైనా మేము సిద్ధం. మైకక్కగారి మోకాళ్లకు సత్తువ, కంఠానికి అదే స్పష్టత, కుటుంబంతో గడపడానికి తీరుబడి నిండుగా లభించుగాక. ఆ గదికి అనుమతి వచ్చేనాటి వరకు ఆవిడ ఆయురారోగ్యాలతో ఉండాలి; ఆ పైన, దాన్ని రద్దు చేసే ఆలోచన ఎవరికీ రాకుండా చూసేంత కాలం కూడా ఉండాలి. పార్సిల్ కౌంటర్ కోరుకునేవారు ఈ దీవెనను శ్రద్ధగా చదువుకోవలసిందిగా మనవి.