గంజి కట్టిన బంగారం

ఫ్లాస్కును చివరిసారి బోరు నీళ్లతో కడిగింది నేను. బంగారు ద్రావణం పాడైంది అందుకే. నింద మాత్రం రంగి మీద పడింది.

నేను సూర్యాపేట డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని, రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చి పోతాను. రంగి మా ల్యాబులో సీసాలు కడుగుతుంది, ఆమెది మునగాల దగ్గర తండా. సోమవారం నుంచి ఆమెను ల్యాబు నుంచి తీసేసి హాస్టల్ ఊడ్చే పనికి పంపుతానని ప్రిన్సిపాల్ బుధవారం అంటే, నేను విని ఊరుకున్నాను. ఆ శనివారం మధ్యాహ్నం కాలేజీ ఎదురుగా శంకరయ్య టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. ఫిజిక్స్ చెప్పే వీరేందర్ నా పక్కన, టీ గ్లాసు పట్టుకుని రంగి బెంచీ చివర. నేను మొదలుపెట్టాను.

"బంగారమంటే పచ్చగనే ఉంటదనుకుంటున్నవా శంకరయ్యా? బంగారం కరిగిన నీళ్లు మంట మీద సలసల తెర్లుతుంటే అందుల సిట్రేట్ అనే మందు వేస్తే, బంగారం కంటికి ఆననంత సన్న నలుసులైతది. అప్పుడు దాని రంగు ఎరుపు, దానిమ్మ గింజ లెక్క. ఈ చుట్టుపక్కల మూడు పట్నాలల్ల ఆ ఎరుపు తెప్పించింది నేనొక్కదాన్నే."

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ పిల్లలు కూడా తెప్పిస్తారని వీరేందర్ అన్నాడు.

"తెప్పిస్తరు సారూ, నిలబెట్టలేరు. కథంత నలుసు మీది పూతల ఉంటది. పూత మంచిగుంటే నలుసులు ఒకదాన్నొకటి దూరం నూకుతయి. ఉప్పు తగిలిందా, ఆ నూకుడు ఖతం, అన్ని ఒక్కకాడ కుప్పవడి నీలమై అడుగుకు కూసుంటయి. మొదటి ఫ్లాస్కు గట్లనే పోయింది. ఎవరో సరిగ్గ కడగలే."

రంగి టీ తాగడం ఆపింది. నేను ఆపలేదు.

"ఆ తర్వాత నేనేం చేసిన్నో తెలుసా? ఒక్కొక్క నలుసుకు గంజి కట్టిన. బియ్యం గంజే. గంజి పెట్టిన చీర ఒంటికి అంటకుండ ఎట్ల నిలబడతదో, నలుసులు కూడ గట్లనే నిలబడ్డయి. చిటికెడు ఉప్పేసిన, ఎరుపు కదల్లే. చెంచెడు వేసిన, కదల్లే. బస్తా తెప్పించి కుమ్మరించిన."

"ఫ్లాస్కుల బస్తా పట్టిందా?" అన్నాడు శంకరయ్య.

"పట్టకుంటేనే కదా కాల్వకు పోయింది. నిడమనూరు కాడ ఎడమ కాల్వల ఒక్కటే బొట్టు వేసిన, తెల్లారేసరికి మిర్యాలగూడ దాక ఎర్రగ పారింది. మిల్లులల్ల బియ్యం ఎర్రగ దిగుతుంటే ఓనర్లంత పరేషాన్. మేడం, మీకు గంజి ఎంత కావాలన్న పంపుతం, మా బియ్యం రంగు మాకు ఇయ్యుండ్రని డీసీఎం వ్యాన్లు కట్టుకొని వచ్చిన్రు. ఆ గంజి తీస్కపోయి మాడుగులపల్లి బోర్లల్ల పోయించిన, గాడ ఉప్పునీళ్లు సుత తియ్యగైనయి."

"మా ఇంటి బోరుకు కూడ జర చెప్పరాదు మేడం," అన్నాడు శంకరయ్య పాలు పొంగకుండా కలుపుతూ.

"చెప్త. ఇంకా అసలుది వినలే నువ్వు. హైవే మీద ఉప్పు లారీ బోల్తా పడి లోడంత కాల్వల పడ్డది. ఇగ నీలమైతది, మేడం పని అయిపోయిందని జనమంత గట్టు మీద చేరిన్రు. నేను ఒక్కసారి చప్పట్లు కొట్టి, లైన్ల నిలబడుండ్రి అన్న. కోట్ల నలుసులు సారూ, ఎవలి గంజి వాళ్లు సర్దుకొని లైన్ల నిలబడ్డయి. రోల్ నంబరు పిలిచి హాజరు తీసుకున్న. పలకనిది ఒక్కటే."

"అది ఎటు పోయినట్టు?" వీరేందర్ అడిగాడు.

"దానికి తొందరెక్కువ. కోదాడ బస్సెక్కి పోయింది."

రంగి గ్లాసు కింద పెట్టింది. ఆమె గొంతు పెంచలేదు.

"కోదాడ బస్సుకు తొందరపడ్డది నలుసు కాదు కద మేడం. డిస్టిల్డ్ నీళ్ల క్యాను అల్మారల ఉండె, తాళంచెయ్యి మీ సంచిల ఉండె. తియ్యనీకి టైము లేదని మీరే ఉప్పగుండే బోరు నల్లా కింద ఫ్లాస్కు తిప్పి పోయిన్రు. మనం ఒక్క బస్సులనే పోయినం."

శంకరయ్య గరిటె ఆగిపోయింది. నేను వీరేందర్ వైపు చూశాను, అతను రోడ్డు వైపు చూస్తున్నాడు.

"గంజి నా టిఫిన్లది," అంది రంగి. "చీరకు పెట్టినట్టు దీనికి పెట్టి సూడుండ్రి మేడం అని చెప్పింది కూడ నేనే. నాకు బీపీ ఉన్నదని ఉప్పు లేకుండ తెచ్చుకుంట. మీ గంజైతే అది సుత నీలమైతుండె."

రెండో టీ తాగకుండానే రోడ్డు దాటాను. ప్రిన్సిపాల్ ఇంకా గదిలోనే ఉన్నారు. ఫ్లాస్కు కడిగింది నేను, గంజి ఆలోచన రంగిది అని రెండు వాక్యాలు రాసి, సంతకం చేసి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, ఇంత తెలిసి మూడు రోజులు ఏం చేశారని అడిగారు. కథలు చెప్పానన్నాను.

సోమవారం రంగి ల్యాబుకే వచ్చింది. అల్మారా తాళంచెవి ఇప్పుడు ఆమె కొంగుకు ఉంటుంది. హైదరాబాద్‌లో సైన్సు సదస్సులో మేం పెట్టిన పోస్టరు మీద మొదటి పేరు ఆమెదే. గంజి కట్టిన ఆ బంగారం సీసా నా బల్ల మీద ఉంది, ఇంకా ఎర్రగానే ఉంది, వచ్చినవాళ్లకు చూపించకుండా పంపను.

కాల్వ ఎర్రగా పారిందని ఇప్పటికీ చెబుతాను, హాజరు తీసుకున్నానని కూడా చెబుతాను. కాని ఎక్కడ చెప్పినా మొదటి మాట ఫ్లాస్కు కడిగింది నేనన్నదే కావాలని ఆ శనివారం రోడ్డు దాటుతూ అనుకున్నాను. ఇంతవరకు తప్పలేదు.