ముప్ఫయ్యేళ్ల ఖాళీ

పెద్ద వరద వచ్చిపోయిన రెండో ఏడు. పాత మేడ కొన్న కాంట్రాక్టరు, దాని చరిత్ర రాతిమీద చెక్కమని నన్ను పిలిపించాడు. మర్నాడు పురావస్తు శాఖవాళ్లు చూడ్డానికి వస్తున్నారు.

“రాసుకొచ్చింది చదువుతా, విను మేస్త్రీ. మేడ కట్టించినవాడు ఓడల వ్యాపారి, ధర్మప్రభువు—”

“వీధివాళ్లు నీళ్లు తోడుకుంటున్నారని నూతి గిలక పీకించాడు.”

“అవన్నీ రాయం. రెండు, జడ్జీగారు. స్వార్జితం.”

“పేకాటలో గెలిచాడు.”

“అదీ ఆర్జనేగా! మూడు, పేదల డాక్టరు.”

“పేదలొస్తారని వీధి గుమ్మానికి గోడ కట్టించాడు.”

“అబ్బబ్బ! నాలుగు, కళాపోషకుడు.”

“తలుపులమ్మాడు, కిటికీలమ్మాడు. తను పైనుండగానే చెక్కమెట్లు కూడా అమ్మేశాడు. మా నాన్న నిచ్చెనేసి దింపాడు.”

“నీ నోట మంచిమాట రాదా? ఆయన పోయాక ముప్ఫయ్యేళ్లు ఖాళీ. అయిదు, నేను.”

“ఖాళీ ఏంటి?”

“ఖాళీయే.”

“వెనక గదిలో మనిషుందిగా.”

“ఆ తుడిచే ముసలిదా? దాన్నీ లెక్కెయ్యాలా?”

“కప్పు కారితే పెంకులు సర్దింది. చెదలు దులిపింది. ఆవిడే లేకపోతే మీరు కొనడానికి మేడేదీ?”

“అందుకేనయ్యా ఖాళీ అని చెక్కమనేది! ముప్ఫయ్యేళ్లున్నానని రేపు వాళ్లముందు ఏడ్చిందనుకో, ఆ గది ఖాళీ చేయించలేను. అయినా నీకెందుకు? నీకేమవుతుందేంటి?”

“అక్క.”

“ఏ అక్క?”

“తోడబుట్టిన అక్క.”

“మరి... ముందే చెప్పొద్దూ!”

“మీరడిగారా?”

“సరే, సరే. ముందు చెక్కు. గది సంగతి... తర్వాత చూద్దాంలే.”

ఆ సాయంత్రం వెనక గదికి వెళ్లాను.

“అక్కా, ఆ ‘ఖాళీ’ బదులు నీ పేరు చెక్కేస్తా. రాతిమీద పడి, రేపు శాఖవాళ్లు చూశారంటే వాడేం చెయ్యలేడు. గది నీకుంటుంది.”

“ఎవరి కింద చెక్కుతావ్?”

“మెట్లమ్మినోడి కింద.”

“నా కింద?”

“ఈ కాంట్రాక్టరు.”

“బుద్ధుందట్రా నీకు? ముప్ఫయ్యేళ్లు వాళ్ల కంపు కడిగా. ఇప్పుడు వాళ్ల మధ్య నిలబడాలా?”

“ఉన్నది ఒక్క రాయే అక్కా.”

“అయితే వాళ్లని తీసెయ్.”

మర్నాడు పొద్దున్నే, కాంట్రాక్టరు కొనితెచ్చిన నున్నటి రాతిమీద అక్క పేరొక్కటే చెక్కాను. కింద ముప్ఫయ్యేళ్లు అని వేశాను. శాఖవాళ్ల జీపు వచ్చేలోపే వీధి గుమ్మం మూసిన గోడకి బిగించి సిమెంటు పూశాను.