రెండు గొంగళ్లు

పాలమూరు దిక్కున ఒక చిన్న దవాఖాన, పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం. డాక్టరు గొంతులో వేసే ఊపిరి గొట్టం ఇంకోటి వెతికి తెచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఊపిరాడక స్పృహ తప్పిన గుర్వమ్మ నేల మీద వెల్లకిలా ఉంది. పక్కన ఆమె పెనిమిటి, గొర్లకాపరి.

"ఎవరు దించారు ఈమెను?"

"నేనే సారూ. మా తమ్ముడు గూడ పట్టిండు. బరువు మనిషి గద."

"భుజాల కింద నీ గొంగళ్లు రెండూ మడిచి పెట్టాను. అవేవి?"

"తీసేసిన. పాణం పొయ్యేటప్పుడు మంచం మీద ఉంచొద్దు సారూ, నేల మీద పండవెట్టాలె."

"పోతుందని నీకెవరు చెప్పారు?"

"మీరేం మాట్లాడకుండ బయటికి పోయిన్రు. ఇగ అయిపోయిందనుకున్న."

"లావు మెడయ్యా. వెల్లకిలా ఉంటే గొంతులో ఊపిరి దారి మూసుకుపోతుంది, కనబడలేదు. తలా భుజాలూ ఎత్తాకే కనబడింది. గొట్టం పట్టలేదని సన్నది తేవడానికి పోయాను."

"అంటే దారి దొరికిందా సారూ?"

"దొరికింది."

"అయితే గొంగళ్లు మల్ల పెడ్త. జర లేపుదం, పట్టుర్రి."

"ఆగు. నాడి చూడనీ."

డాక్టరు మణికట్టు వదిలి మెడ పక్కన వేళ్లు పెట్టి చూశాడు, తెచ్చిన సన్న గొట్టం పక్కన పెట్టేశాడు.

"గిప్పుడు గూడ ఏం మాట్లాడుతలేరేంది సారూ? ఇంకా సన్న గొట్టం గావాల్నా?"