పొత్తిగుడ్డ మీద మరక

ఆసుపత్రి ముందు రాయచూరు వెళ్ళే జీపు ఇంజను ఆపకుండా నిలబెట్టారు. ఆసుపత్రి లోపల డాక్టరు, ఆంధ్రా రైతులుండే బాళగనూరు క్యాంపు నుంచి పన్నెండు రోజుల మనవణ్ణి మోసుకొచ్చిన నాయనమ్మ.

“ఏందమ్మా గిది? గుడ్డ మీద కాఫీ డికాషన్ పోసినట్టున్నది!”

“ఉచ్చేనండి. నిన్నటి నుంచీ ఇదే రంగు. పాలు తాగట్లేదు, కళ్ళు పసుపు పూసినట్టయ్యాయి.”

“నెత్తురు విరిగి ఉచ్చల పోతున్నది. రాయచూరుల కొత్త నెత్తురెక్కిస్తరు. కానీ దాన్ని విరగ్గొట్టేది పిల్లగాని దగ్గర్నే ఉంటే ఏం ఫాయిదా? ఏం తాగించిన్రు?”

“తల్లిపాలు తప్ప చుక్క తాగలేదు. బిడ్డకి నీళ్ళు పోసే బసవమ్మ చెయ్యే మంచిది కాదు. ఇక గడప తొక్కనివ్వను!”

“బసవమ్మ నా ముగ్గురు పిల్లలకు గూడ నీళ్ళు పోసింది. ఆమెనేం అనకు. ఆగు... పిల్లగానికి చుట్టిన గీ చీర వాసనేంది?”

“పురిటిబిడ్డకి కొత్త గుడ్డ కప్పకూడదు కదండీ. నా పాత చీరలే, మెత్తగా ఉంటాయని మా ఊరి నుంచి ట్రంకు పెట్టెలో తెచ్చాను.”

“ఉతికి చుట్టినవా?”

“చెమ్మకి జలుబు చేస్తుందని... పెట్టెలోంచి తీసి అలాగే చుట్టాను.”

“కొందరు పిల్లల నెత్తురుకు ఆ వాసనే విషం. పెట్టెల ఏమేసినవమ్మా?”

ఆమె పిల్లాడికి చుట్టిన చీర విప్పి వాకిట్లోకి విసిరేసింది.

“కలరా ఉండలండీ. చిమ్మటలు కొట్టకుండా గుప్పెడు. నా చేత్తో నేనే వేశాను.”