వంతెన దగ్గర వెనక్కి తిరిగిన జీపు

అయ్యో, కాఫీ ఒలకబోసుకున్నావా? భయపడకమ్మాయ్, ఏం కాలేదు. తుపాకీయే అది. ఉండు, కాసేపు మాట్లాడకు, రెండోది వస్తుందేమో విందాం... ఆఁ, రాలేదు. ఒక్కటే. అవతలి గట్టు మీద ఎవరింట్లోనో మగపిల్లాడు పుట్టాడన్న మాట. ఈ కొడగు ఇళ్ళల్లో అంతే. మగబిడ్డ పుడితే ఒకటి, మనిషి పోతే రెండు, టపటపా వెంటవెంటనే. రెండు వినపడ్డాయా, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి ఆ ఇంటికి పోవాలి. పిలుపులుండవు. ఆడపిల్ల పుడితేనా? ఏముంది, ఆ పిల్ల ఏడుపే వినపడేది. అట్లా చూడకు, ఇప్పుడు ఆడపిల్లకీ పేలుస్తున్నార్లే కొందరు. నేను మైసూరు వైపువాణ్ణే గానీ పాలపళ్ళు ఊడింది ఈ మరగేరిలోనే. అయినా ఇప్పటికీ ఒకటి పేలితే రెండోదాని కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. మా పాస్కు ఉంటే కూర్చునేవాడు కాడు. ఈపాటికి జీపు తీసేవాడు.

పాస్కు తెలీదా నీకు? ఎట్లా తెలుస్తాడులే, నువ్వు పోస్టాఫీసుకి వచ్చింది మొన్న. పాస్కల్ వాడి పేరు, మంగుళూరు వైపు క్రైస్తవుడు. మిలిటరీవాళ్ళు వదిలేసిన జీపొకటి ఉండేది వాడికి, ఎడమ పక్క తలుపు లేదు, ఆ ఖాళీకి గోనెపట్టా కట్టేవాడు. ఈ ఊరికి ఏది రావాలన్నా ఆ గోనెపట్టా పక్కకి తోసుకునే రావాలి. నీ ఉత్తరాల సంచి, పేపర్లు, బ్రెడ్డు, ఎండుచేపలు, ఆసుపత్రి మందులు, బడికి సుద్దముక్కలు, అన్నీ అందులోనే. ఒకసారి పశువుల డాక్టరూ, పశువూ కూడా కలిసే వచ్చారు, దారిలోనే సూదేశాడు. ఇక ఆడవాళ్ళ పురమాయింపులు చెప్పనక్కర్లేదు. "పాస్కన్నా, మా కోడలికి జాకెట్టు గుడ్డ తేవాలి, మబ్బు రంగు." వాడు గడుసువాడు, "వానకాలం మబ్బా అక్కా, ఎండాకాలం మబ్బా?" అనేవాడు. "నీ మొహంలాంటి మబ్బురా" అనేవాళ్ళు. తెచ్చేవాడు గానీ, సరిగ్గా ఆ రంగే. అప్పుడు బ్యాంకు లేదు, ఫోనంటే మీ పోస్టాఫీసులో ఒక్కటే, అదీ వానకాలమంతా మూగనోము పట్టేది. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. ఎవరైనా పోతే ఫోన్లోనే దణ్ణం బొమ్మ పెడతారు. నేనూ పెడతాను, ఏం చెయ్యను, మోకాళ్ళు లేవవు. పెట్టి, మళ్ళీ దోసె తిప్పుకుంటాను. సిగ్గేస్తుంది.

ఏమంటున్నాను? ఆఁ, పాస్కు. వాడి తిక్క ఏంటంటే తుపాకీ సద్దుని నమ్మడు. ఒకటి పేలినా, రెండు పేలినా, జీపేసుకుని ఆ ఇంటికి పోయి కళ్ళతో చూస్తేగానీ ఒప్పుకోడు. చావింటికైతే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. పురుటింటికీ పోయేవాడమ్మా! బాలింతరాలి గది ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, "తల్లి ఎట్లా ఉంది?" అని. "బాగుందిరా" అంటే కదలడు. తల్లి గొంతు లోపల్నించి వినపడాలి. ముసలమ్మలు తిట్టేవాళ్ళు, "మగాడివి, ఇక్కడ నీకేం పనిరా, సిగ్గులేదూ?" అని. చివరికి విసుగెత్తి లోపలికి కేకేసేవాళ్ళు, "ఏదో ఒకటి అనవే, ఈ శని పోతాడు" అని. ఆ పిల్ల లోపల్నించి, "బాగున్నానన్నా" అనేది. అప్పుడు టోపీ పెట్టుకునేవాడు. కుర్రాళ్ళు వాడికి పేరు కూడా పెట్టారు, పురుటి పోలీసని. నవ్వొస్తోంది కదూ? నేనూ నవ్వేవాణ్ణి, కారణం తెలిసుండి కూడా.

వంతెన దాటి కొండెక్కితే పైన పెంకుటిల్లు కనిపిస్తుంది చూడు, దాన్ని పైమనె అంటాం. సుబేదారు పళంగప్పది. ఆయన కూతురు దేచవ్వ. చిన్నప్పుడు ఆ పిల్ల బడికి వచ్చింది పాస్కు జీపులోనే, పేపరు కట్టల మీద కూర్చుని. దిగాక గౌనుకి అంటిన సిరా అక్షరాలు చదివి వినిపించేది మాకు, ఇవాళ్టి వార్తలివీ అంటూ. పెళ్ళయి వెళ్ళింది. భర్త ఉత్తయ్య, మిలిటరీలో పని, నెమ్మదైనవాడు. తొలికానుపుకి పుట్టింటికి వచ్చింది. ఆ యేడు పూలవాన, అదే పూతకి ముందు పడే వాన, సరిగ్గా పడింది, కొండంతా కాఫీ పూసింది. నువ్వింకా చూళ్ళేదు కదా ఆ పూతని. రెండ్రోజులుంటుంది, అంతే. చెట్టు కనపడదు, తెలుపే. ఆ వాసనకి కల్లు దుకాణం ముందు తాగనివాళ్ళు కూడా తూలుతుంటారు. అట్లాంటి పొద్దున, గాలి లేదు, మంచు విడిపోయింది, ఆకు రాలినా వినపడేట్టుంది. పైమనె కూలీ ఒకడు పరిగెత్తుకొచ్చాడు. నర్సు సూసమ్మ పంపింది వాణ్ణి. "కాన్పు కష్టంగా ఉంది, నెత్తురు పోతోంది, జీపు కావాలి, ఆలస్యమైతే తల్లి దక్కదు." పాస్కు పేపర్లు దింపుతున్నాడు. కట్టలన్నీ ఇదిగో, ఈ గడప మీదికి విసిరేసి పోయాడు. అంత వేగంగా ఆ జీపు పోవటం నేను మళ్ళీ చూళ్ళేదు.

ఈలోపు పైన కాన్పయింది. మగపిల్లాడు. పళంగప్ప రాత్రంతా వసారాలో తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు పాపం, బిడ్డ కేక వినగానే లేచి ఒకటి పేల్చాడు. అది ఆయన హక్కు. ఉత్తయ్య ఏమో ఇంటి వెనక, కాఫీ ఆరబోసే కళ్ళంలో, తనూ తుపాకీ పట్టుకుని పచార్లు చేస్తున్నాడు. కొడుకు కేక అతనికీ వినపడింది. తండ్రి కదమ్మా! మామగారు పేలుస్తాడులే అని ఆగటానికి మనసెట్లా ఊరుకుంటుంది? అతనూ పేల్చాడు. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. టప్పు, టప్పు. ఆ ఇంట్లో అవి రెండు సంతోషాలు. కింద వంతెన మీదున్న పాస్కుకి ఏమయ్యాయి చెప్పు?

అక్కడే ఆపేశాడట జీపు. తర్వాత చెప్పాడు నాకు, ఒక క్రిస్మస్ నాడు బ్రాందీ పడ్డాక. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చి, లేచి, వెనక్కి తిప్పాడు. పిరికితనం కాదమ్మా, అట్లా అనుకోకు. చావు కబురు వింటే జీపు చెయ్యాల్సిన పని అదే. ఊళ్ళోకి రావాలి, తెల్లగుడ్డ తియ్యాలి, వాద్యగాళ్ళకి చెప్పాలి, నడవలేని పెద్దల్ని ఎక్కించుకోవాలి. తన పని తను చేశాడు. పైన సూసమ్మ ముంగిట్లో నిలబడి జీపు సద్దు కోసమే చెవులు రిక్కించి ఉంది. వస్తోంది, వస్తోంది, వంతెన దాకా వచ్చింది... ఆగింది. మళ్ళీ సద్దు మొదలై వెనక్కి పోతోంది. "ఎందుకు పోతున్నాడు? ఎందుకు పోతున్నాడయ్యా వాడు?" అని అరిచిందట. కాన్పయింది గానీ నెత్తురు ఆగలేదు మరి. అప్పుడు పళంగప్పకి వెలిగింది. తన చేతిలో తుపాకీ వంక చూశాడు, అల్లుడి చేతిలో తుపాకీ వంక చూశాడు. ఇక ఏం చెయ్యాలి? పుట్టుకకి ఒకటి, చావుకి రెండు. ఇంకా బతికే ఉంది అని చెప్పటానికి ఎన్ని పేల్చాలి? దానికి తాతలు లెక్క పెట్టలేదు. ఆయన పాపం ఇంకోటి పేల్చాడు. మేం ఇక్కడ విన్నాం కూడా. ఎవడో అడవిపంది కోసం కాల్చాడులే అనుకున్నాం.

ఉత్తయ్య కాఫీ చెట్లకి అడ్డంపడి పరిగెత్తుకొచ్చాడు. ఇక్కడికే, ఈ కొట్టు ముందుకే. ఒంటి నిండా పూలు, తలలో, మీసాల్లో. "జీపేదీ?" అన్నాడు. అప్పటికే పాస్కు నలుగురు పెద్దవాళ్ళని తెల్లబట్టల్లో ఎక్కించుకుని రోడ్డు మీదుగా పోయాడు. ఇతను అడ్డదారిన వచ్చాడు, ఎదురుపడలేదు. "ఆమె బతికే ఉందయ్యా!" అన్నాడు. ఆమె పోయిందని మేం అప్పుడే సగం దింపిన కొట్ల షట్టర్లు... ఒద్దులే.

జీపు పైమనె చేరేసరికి దేచవ్వని మంచంతో సహా వసారాలో పెట్టి ఉంచారు, ఎక్కించటానికి. తెలివిలోనే ఉంది. పాస్కు ఆ మనిషి కళ్ళు తెరిచి చూడటం చూశాడు, ఇంక దిగలేకపోయాడట. జీపులో ముసలివాళ్ళు ఒళ్ళో తెల్లగుడ్డ తాను పెట్టుకుని రాళ్ళల్లే కూర్చున్నారు. ఆ పిల్ల వాళ్ళని చూసి, "పాస్కన్నా, ఎవరు పోయారు?" అంది. వాడే అన్నాడు, "కింద ఊళ్ళో ఒక ముసలాయన, అక్కా." "అయ్యో. మరి వీళ్ళని అక్కడ దింపకుండా నాకోసం ఇటు తిప్పుకొచ్చావా? చావింటివాళ్ళు ఎదురుచూస్తుంటారు కదన్నా. ముందు వాళ్ళని దింపి రా. నేనుంటాలే," అంది.

నేనుంటాలే అంది.

వాళ్ళు దిగిపోయారు, ఆమెని పడుకోబెట్టారు, సూసమ్మ పక్కన కూర్చుంది. మడికేరి దోవలో, మలుపుల దగ్గర, సూసమ్మ ఆ పిల్ల నాడి పట్టుకుని చూసి, "పాస్కూ, ఇంక మెల్లగా పోనీ," అంది. వాడు మెల్లగా పోనివ్వలేదు. "ఒకసారి నమ్మాను చాలు," అన్నాడు. అదే వేగంతో ఆసుపత్రి మెట్ల దాకా తీసుకుపోయి, డాక్టరు వచ్చి చూసి చెప్పేదాకా ఇంజను ఆపలేదు. ముందే తెచ్చినా దక్కేదో లేదో అని సూసమ్మ వాడికి ఎన్నోసార్లు చెప్పింది, దేవుడి మీద ఒట్టేసింది. వాడు వినేవాడు. తలూపేవాడు. మర్నాడు ఎక్కడైనా ఒకటి పేలితే మళ్ళీ జీపు తీసేవాడు.

సరే, ఇంటికి తెచ్చారు సాయంత్రానికి. తెచ్చాక రెండు పేల్చాలి కదా. పళంగప్ప తుపాకీ ముట్టుకోలేదు. ఉత్తయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వచ్చినవాళ్ళలో ఎవరి చెయ్యీ లేవలేదు. ఆమెకి పేలాల్సినవి ఆమె వింటుండగానే పేలిపోయాయిగా. మరి ఊరికి తెలిసేదెట్లా? పాస్కు జీపు తీశాడు. వాడి ఒళ్ళు వాడి స్వాధీనంలో లేదని నేనూ పక్కనెక్కాను. ఇల్లిల్లూ తిరిగాం. గేటు దగ్గర ఆపటం, టోపీ తియ్యటం, "దేచవ్వక్క పోయింది" అనటం. వాళ్ళేమో, "తెలుసు పాస్కన్నా, పొద్దున విన్నాం, బయల్దేరుతున్నాం," అంటారు. వాడు చెప్పాలి. "అది కాదు. అప్పుడు బతికే ఉంది. ఇప్పుడు పోయింది." మళ్ళీ ఇంకో గేటు. "పొద్దున విన్నాం కదా." "అది కాదు. అప్పుడు బతికే ఉంది." నేను చెప్తాను ఉండరా అంటే చెప్పనివ్వడు. చిట్టచివరి ఇంట్లో ఒక ముసలవ్వ, చెముడు. తుపాకులు ఏనాడూ వినలేదు ఆమె. ఆమెకొక్కదానికే పొద్దుటి సంగతి తెలీదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటీ? దేచవ్వా? ఎప్పుడూ?" అంటుంది. "ఇప్పుడవ్వా!" అంటాడు వీడు. "ఆఁ? ఎప్పుడూ?" కొండ మీద పూత మసకమసగ్గా కనపడుతోంది. వాడు టోపీ కింద పారేసి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడమ్మా. "ఇప్పుడే! ఇప్పుడే పోయింది, పొద్దున కాదు!" ఆ లోయంతా...

అదిగో బస్సొచ్చింది. సంచి దింపుతున్నాడు, పో, పో, మళ్ళీ వాడు ఆగడు.