నలభై నాలుగో నంబరు

కళ్ల ఆసుపత్రి కౌంటరు వెనక కోడలు కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లుగా అక్కడ రోగులను పిలుస్తున్న అత్తగారు, నంబర్లు రాసిన చీటీల కట్టతో పక్కనే నిలబడింది.

"నిన్నటి గొడవే మళ్లీ జరిగితే డాక్టరుగారు నంబర్లు పిలిచే నీ బోర్డు పీకించేస్తారమ్మాయ్."

"జరగదత్తయ్యా. నడిచి నడిచి ప్రోగ్రాం మొరాయిస్తోందని, తనను తానే మళ్లీ మొదలుపెట్టుకునేలా రాశాను. కంప్యూటరుకి చెప్పే సీ భాషలో ఒక్క లైను. అది బాగానే పనిచేసింది."

"ఏం బాగు! నలభై మూడు దాకా వచ్చి మళ్లీ ఒకటి అంది. పొద్దున్నే చూపించుకుని, చుక్కలు వేయించుకుని కూర్చున్నాయన మళ్లీ లేచి లోపలికి పోయాడు!"

"కొత్తగా మొదలైతే పాతదేదీ గుర్తుండదు కదా. ఎంతవరకు పిలిచిందో దానికి చెప్పడం మర్చిపోయాను."

"భోజనానికి లేచేటప్పుడు నా కుర్చీలో కూర్చునే అమ్మాయికి నంబరు చీటీ మీద రాసిచ్చి మరీ వెళ్తాను. ఆ మాత్రం తట్టలేదూ నీకు?"

"మీరు రాసివ్వడం చూశాకే తట్టింది. ఇప్పుడు మొదలయ్యేముందు తన నంబరు తనకే అందించుకుంటుంది. ఇప్పుడే బటన్ నొక్కి మళ్లీ మొదలుపెట్టించి చూడనా?"

"ఇంతమంది కూర్చుని ఉండగానా?"

"అందుకే అడుగుతున్నాను."

"సరే, కానీ."

ఇవాళ కూడా నలభై మూడు దగ్గరే ఉన్న బోర్డు ఒక్కసారి ఆరి వెలిగింది.

"నలభై నాలుగు! అత్తయ్యా, ఒక్కరైనా ఆశ్చర్యపోలేదు చూడండి."

"నలభై నాలుగో ఆవిడ లేచిందిగా, ఇంకేం కావాలి? ఇదిగో, ఇక ఈ చీటీలు సంచిలో పడెయ్. వెనకవైపు కూరగాయల జాబితా రాసుకుందాం."

"అన్నీనా?"

"అన్నీ."