తెర మసకబారిన ప్రతిసారీ

మీట నొక్కినప్పుడల్లా తెర ఒక్క క్షణం మసకబారేది కదా, మరి ఆ స్క్రీన్‌షాట్లన్నీ ఎక్కడికి పోయినట్టు? ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునే కంప్యూటర్ ముందు తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఆమె ఖాళీ ఫోల్డర్ వంకే చూస్తోంది.

“దానంతటదే సేవ్ అయ్యే సెట్టింగ్ ఆపేసి ఉందక్కా. నువ్వు తీసిన ప్రతి స్క్రీన్‌షాటూ దాని ముందుదాన్ని తుడిచేసింది.”

“ఒక్క మీట నొక్కితే చాలన్నావు కదరా!”

“నా కంప్యూటర్లో చాలు. నీదీ అంతేననుకున్నాను.”

“ఆ మేనేజరు చాట్‌లో పిచ్చి రాతలన్నీ రాసి, నేను చదవగానే చెరిపేసేవాడు. రేపు నా ఫిర్యాదు మీద విచారణలో ఏం చూపించను, నా మొహమా?”

“చివరిదొక్కటి ఉండాలి. ఉండు, పేస్ట్ చేస్తాను.”

మేనేజరు పేరు కింద ఒకే ఒక్క మాట వచ్చింది: ‘ఒంట్లో బాగాలేదట, విశ్రాంతి తీసుకోండి.’

“ఇదెందుకు తీశావక్కా?”

“వాడి పేరు కనబడితే చాలు, వేలు నొక్కేస్తోందిరా. అలవాటైపోయింది.”

తమ్ముడు ఆ ఒక్కదాన్నే ఫోల్డర్‌లో సేవ్ చేశాడు.

“నోటిమాట నమ్ముతారంటావా?”

ఆమె మౌస్ అందుకుని ఆ సేవ్ సెట్టింగ్ తెరిచింది.

“ఇప్పుడెందుకక్కా అది?”

“ఎల్లుండి నుంచి మళ్లీ వాడి కిందే కదరా,” అంటూ ఆ సెట్టింగ్ ఆన్ చేసింది.